నలభై ఒకటో గొట్టం

నా జీపులో ఐస్ పెట్టె ఒకటుంటుంది.
ఇవాళ అందులో ఉన్నవి చెబుతాను:
అడవి ఆపిల్ ఆకులు ముప్పై కవర్లు,
ఎలుగుబంటి పేడ రెండు డబ్బాలు,
గుర్రప్పాలు పులిసే తోలుసంచి అడుగున గీకిన మడ్డి,
కుదుళ్లతో సహా పీకిన ఆడగుర్రం జూలు,
వీటన్నిటి మధ్య
మా ఆవిడ కట్టిచ్చిన మాంసం రొట్టె.

"బొలత్‌ఖాన్ మామా, ఏది తింటున్నావో చూసుకుని తిను"
అంటుంది మక్పాల్ డాక్టరమ్మ.

అల్మాటీ దాటి కొండ ఎక్కేటప్పుడు
ఆమె చెప్పే పాఠాల్లో సగం
రెండో గేరు మోతలో కలిసిపోతాయి.
మిగతా సగంతోనే నేనింతవాణ్ణయ్యాను.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటారు కదా,
ఆపిల్ దగ్గర ఆ మాట చెల్లదట.
తీపికాయ గింజ పాతితే
పళ్లు జివ్వుమనే పులుపు మొలవొచ్చు.
ఒక్క కాయలోని అయిదు గింజలూ
అయిదు దారులు పట్టే తోబుట్టువులు.
(మా అన్నదమ్ములం గుర్తొచ్చాం.)

మరి తీపి ఎలా నిలిచింది?
ఎలుగుబంటి నిలిపిందంటుంది.
వేల ఏళ్లుగా పెద్దవీ తియ్యనివీ ఏరుకు తిని
కొండంతా తిరిగి విత్తింది.
దుక్కి లేదు, కూలి లేదు,
ఎరువు మాత్రం సొంతం.

తోలుసంచి మడ్డి సంగతి వేరు.
మా వైపు పెళ్లయి వెళ్లే పిల్ల
పుట్టింటి పులుపు కాస్త తోడు పట్టుకెళుతుంది.
ఆ తోడులో కంటికానని ఈస్టు,
ఏ గుడారం నుంచి ఏ గుడారానికి వెళ్లిందో
వరసపెట్టి చెప్పగలనంటుంది డాక్టరమ్మ.
కోడళ్లు మర్చిపోయిన దారులు
మడ్డి మర్చిపోలేదన్నమాట.

నిరుడు ఆకురాలు కాలంలో
నలభై మంది కాపరుల ఉమ్మి పట్టాక
గొట్టం ఒకటి మిగిలింది.
"నువ్వూ ఉమ్ము మామా, వృథా ఎందుకు."

మాలో ఏడుగురు తాతల పేర్లు రానివాణ్ణి
దిక్కులేనివాడంటారు.
నోరు తడిచేసుకుంటూ అలవాటుగా అప్పజెప్పాను:
కెన్జెతాయ్, అబిల్దా, తోక్సన్‌బాయ్...
ఏడో పేరు దాకా గుక్క తిప్పుకోలేదు.

అమ్మకు ఒక్క పేరూ రాదు.
పెద్ద కరువులో
రైలు స్టేషను బల్ల మీద దొరికిన మూడేళ్ల పిల్ల.
అనాథాశ్రమం వాళ్లు స్టేషను పేరే
ఇంటిపేరు కింద రాసుకున్నారు.
పెళ్లిళ్లలో ఎవరైనా వంశం మాట ఎత్తితే
సమోవార్‌లో బొగ్గులు చూడాలంటూ లేచేది.
బొగ్గులు బాగానే ఉండేవి.

మంచు కరిగాక ఫలితం వచ్చింది.
"ఇది మీ తాతల లెక్క కాదు మామా.
కణంలో మైటోకాండ్రియా అని ఉంటుంది, అది తల్లిదే.
తల్లికి ఆమె తల్లిది, ఆమెకు మళ్లీ ఆమె తల్లిది.
ఏడు తరాలు కాదు, ఏడు వేలు."

కాగితం నిండా ఎ, టి, జి, సి.
పదహారు వేల పైచిలుకు అక్షరాలు,
ఒక్క పేరు లేదు.
స్టేషనుకు ముందు ఏ ఊరో లేదు,
ఎవరి చెయ్యి వదిలిందో లేదు.
"అది చెప్పదు మామా."

"నా పిల్లలకు వస్తుందా?"

ఆమె అద్దం మీద ఆవిరి తుడిచింది.
తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.
"మగవాళ్లు అందించలేరు."

మేం ముగ్గురం, ముగ్గురమూ కొడుకులమే.
మా తాతల్ని నా మనవడు కూడా అప్పజెబుతాడు,
తడబడితే చెవి మెలిపెట్టడానికి నేనున్నాను.
ఆ బల్ల మీది పిల్ల మాత్రం
మా మూడు ఒళ్లలోనే కూర్చుని ఉంది,
ఇక ఎక్కాల్సిన రైలు లేదు.

కాగితం మడిచి
జీపు పత్రాల కింద పెట్టాను.

పై మలుపులో బండి ఆపి
బజారు ఆపిల్ ఒకటి కొరుక్కుతిని
గింజలు కిటికీలోంచి ఉమ్మేశాను.

"అయ్యో మామా!"
డాక్టరమ్మ తలుపు తీసుకుని దూకినంత పని చేసింది.
"అంటుకట్టిన తోటకాయ అది!
ఇక్కడ మొలిస్తే అడవి అడవంతా కలుషితం. ఏరెయ్, ఏరెయ్."

కంకరలో, గడ్డిలో
మోకాళ్ల మీద వెతుకుతున్నాను.
కొరికేటప్పుడు లెక్క చూశాను, అయిదు.

నాలుగు దొరికాయి.